వలాన్స్ నుంచి సేవెన్ కొండల మీదుగా నీమ్ దాకా సైకిల్ యాత్ర: సామానుతో ఈ ఎత్తులు అవుతాయా?

కొత్తదారి_కిరణ్

నేను, మా ఆవిడ పారిస్‌లో ఉంటున్నాం. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు బ్రెవేలు (గడువు లోపల పూర్తి చేయాల్సిన దూర సైకిల్ యాత్రలు) తొక్కాను, 300 కి.మీ. వరకు. తను కూడా వారాంతాల్లో బాగానే తొక్కుతుంది. కానీ నాలుగు బ్యాగులు తగిలించుకుని కొండలెక్కిన అనుభవం ఇద్దరికీ లేదు.

జూన్‌లో వలాన్స్‌లో మొదలుపెట్టి, ఆర్డెష్ జిల్లా మీదుగా దక్షిణ ఫ్రాన్స్‌లోని సేవెన్ (Cévennes) కొండలు దాటి నీమ్ చేరాలని ఆలోచన. రోజుకు 90 కి.మీ. అనుకుని యాప్‌లో గీస్తే ప్రతిరోజూ 1,800 నుంచి 2,000 మీటర్ల ఎత్తు చూపిస్తోంది. పైగా మామూలు రోడ్డు వదిలేసి అడవి బాటల్లోకి పంపిస్తోంది. వెతికితే దొరికేవన్నీ రేసు సైకిళ్ల వాళ్ల రాతలే. వాళ్లకు సామాను ఉండదు, వెనకాల కారు వస్తుంది.

మా ఆవిడ "హాయిగా లోయార్ నది పక్కన చదునుగా పోదాం" అంటోంది. నాకేమో కొండలే కావాలి. రోజుకు ఎంత దూరం పెట్టుకోవాలి? ఏ రోడ్లు? గేర్లు సరిపోతాయా (పళ్ల లెక్కన 50/34 ముందు, 11-32 వెనక)? తను శాకాహారి, ఆ పల్లెల్లో తిండి దొరుకుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.


బ్రెవే_రమణ

మీ ఆవిడ మాట వినండి. లోయార్ నది వెంట ఉన్న సైకిల్ దారి, లోయార్ ఆ వెలో, దాదాపు 900 కి.మీ., బోర్డులు చూసుకుంటూ పోవచ్చు, కోటలున్నాయి, ఊరూరా బేకరీ ఉంది. మొదటిసారి సామానుతో వెళ్లేవాళ్లు ఆ దారిలో అలవాటు పడి, మరుసటి ఏడాది కొండలకు పోవడం మంచిది.


లియోన్_లక్ష్మి

రమణ గారితో నేను ఒప్పుకోను. కొండలు కావాలన్న మనిషిని నది గట్టు మీద కూర్చోబెడితే రెండో రోజుకే విసుగొస్తుంది. ఆర్డెష్ మా ఇంటికి దగ్గర, ఎన్నో ఏళ్లుగా అక్కడే తొక్కుతున్నాను. సామానుతో ఎక్కడానికి అంతకంటే అనువైన కొండలు ఈ దేశంలో నేను చూడలేదు. కారణం చెబుతాను.

వలాన్స్ నుంచి రోన్ నది వెంట వియారోనా బాటలో లా వూల్ట్ దాకా చదునే. అక్కడి నుంచి డోల్చే వియా మొదలవుతుంది. 1968లో మూతపడ్డ చిన్న రైలు లైను అది. పట్టాలు తీసేసి సైకిళ్లకు బాట చేశారు. ఎర్యూ నది లోయలో పాత వంతెనలు, సొరంగాల మీదుగా లె షేలార్ దాకా వెళ్తుంది. అక్కడ రెండుగా చీలి ఒకటి లామాస్త్ర్ వైపు, ఒకటి సెంట్ అగ్రెవ్ వైపు పోతుంది. అన్నీ కలిపి సుమారు 90 కి.మీ. ఆవిరి ఇంజను ఎక్కగలిగిన దారి కాబట్టి ఎక్కడా 3 శాతం దాటదు. మీకు తెలియకుండానే పైకి వెళ్లిపోతారు.

అంటే మొదటి రోజంతా కొండల్లోనే ఉంటారు, కానీ కాళ్లు బతికే ఉంటాయి. మీ ఆవిడకు చదును, మీకు కొండ, ఇద్దరి మాటా నెగ్గినట్టే.

ఒకే జాగ్రత్త: బాట తారు కాదు, గట్టిగా అదిమిన మట్టి, సన్న కంకర. 25 మి.మీ. టైర్లతో వెళ్లకండి. 35 ఉంటే సుఖం.


గోదారోడు

లక్ష్మి అక్కా, "కాళ్లు బతికే ఉంటాయి" అన్నారు గానీ రెండో రోజు సంగతి చెప్పలేదు :)


లియోన్_లక్ష్మి

@గోదారోడు చెబుతున్నా ఆగు తమ్ముడూ.

రెండో రోజు లె షేలార్ నుంచి సెంట్ మార్షియల్ మీదుగా జెర్బియే ద జోంక్ కొండ కిందికి. లోయార్ నది పుట్టేది అక్కడే. కిరణ్ గారూ, మీ ఆవిడకు లోయార్ కావాలన్నారుగా, నది మొదలు చూపించండి. కొండ ఎత్తు 1,551 మీటర్లు, రోడ్డు సుమారు 1,400 దగ్గర దాటుతుంది. లె షేలార్ 430 ప్రాంతంలో ఉంటుంది. అంటే ఒక్క పూటలో దాదాపు వెయ్యి మీటర్లు పైకి. ఆ రోజు 40 కి.మీ. కంటే ఎక్కువ పెట్టుకోకండి. నిజంగా అంటున్నా, 40 చాలు.


వేణు_తూలూజ్

ఇదే అసలు విషయం. బ్రెవేలు తొక్కినవాళ్లందరూ కిలోమీటర్ల లెక్కలో ఆలోచిస్తారు. ఇక్కడ లెక్కపెట్టాల్సింది ఎక్కే మీటర్లు.

అలిపిరి నుంచి తిరుమలకు ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. యాప్ 2,000 అని చూపిస్తే, ఇరవై కిలోల సామానుతో దాదాపు మూడు సార్లు తిరుమల ఎక్కినట్టు. మర్నాడు మళ్లీ మూడు సార్లు. ఇది యాత్ర కాదు, శిక్ష.

నా లెక్క: సామానుతో, మామూలు ఫిట్‌నెస్‌తో రోజుకు 900 నుంచి 1,100 మీటర్లు. అంతకు మించితే దూరం తగ్గించు. వరుసగా మూడు రోజులు ఎక్కితే నాలుగో రోజు 500 దాటకుండా చూసుకో. కిలోమీటర్లు వాటంతట అవే 45 నుంచి 65 మధ్య వస్తాయి.


బ్రెవే_రమణ

వేణు, మరీ తక్కువ చెబుతున్నావు. పారిస్-బ్రెస్ట్-పారిస్ బ్రెవేలో 1,200 కి.మీ.కి 11,000 మీటర్ల పైన ఎక్కి 90 గంటల్లో వస్తున్నారు మనవాళ్లు. ఇండియా నుంచే వందల మంది వెళ్తున్నారు ప్రతి నాలుగేళ్లకు. కిరణ్ 300 తొక్కాడు.


వేణు_తూలూజ్

రమణ గారూ, ఆ లెక్కే చూడండి. 1,200 కి 11,000 అంటే వంద కిలోమీటర్లకు వెయ్యి కూడా కాదు. బ్రిటనీ దారి అలలు అలలుగా ఉంటుంది, ఒక్కో ఎక్కుడు చిన్నది. ఆర్డెష్‌లో నలభై కిలోమీటర్లకే వెయ్యి. పైగా బ్రెవే సైకిల్‌కు ఉండేది ఒక్క హ్యాండిల్ బ్యాగు, ఒక్క సీటు బ్యాగు. ఇక్కడ టెంటు, స్టవ్వు, బట్టలు. అది ఒక్కసారి పళ్లు బిగించి పూర్తి చేసే పని, ఇది రోజూ పొద్దున్నే లేచి ఇష్టంగా మళ్లీ సైకిల్ ఎక్కాల్సిన పని. మా తమ్ముడు మంచి రాండనీర్, అంటే బ్రెవేలు తొక్కేవాడు. ఇక్కడికి వచ్చి అదే ఊపులో రోజుకు వంద చొప్పున తొక్కాడు, మోకాలు పట్టేసి మిగతా యాత్ర రైలులో చేశాడు.


మెకానిక్_బాషా

గేర్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. అసలు సమస్య అక్కడే ఉంది.

34 ముందు, 32 వెనక. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 2.2 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు 8 కి.మీ. మనిషి, సైకిల్, సామాను కలిపి వంద కిలోలు అనుకుందాం. 7 శాతం ఎక్కుడులో ఆ వేగానికి దాదాపు 165 వాట్లు కావాలి. గంటన్నర ఆగకుండా 165 ఇవ్వగలవా? మీ ఆవిడ ఇవ్వగలదా? ఇవ్వలేకపోతే చుట్లు 45కి పడిపోతాయి, అప్పుడు భారమంతా మోకాళ్ల మీద.

ఇప్పుడు ముందు 26 పళ్ల చిన్న చక్రం, వెనక 34 పెట్టు. ఒక చుట్టుకు 1.6 మీటర్లు. అదే 60 చుట్లకు 5.8 కి.మీ. వేగం, 120 వాట్లు చాలు. నడక కంటే కాస్త ఎక్కువ వేగమే, కానీ రోజంతా తొక్కొచ్చు. సేవెన్‌లో 9, 10 శాతం ముక్కలు కూడా తగులుతాయి. అక్కడ ఈ తేడా ప్రాణం నిలబెడుతుంది.

నా మాట: ముందు 46/30 పళ్ల క్రాంక్, వెనక 11-36. మెకానిక్‌కి చూపించి డెరైలర్ (గేరు మార్చే యంత్రం) సరిపోతుందో లేదో కనుక్కో. మొత్తం యాత్ర ఖర్చులో ఇది చిన్నదే.


పాతసైకిల్_ప్రసాద్

బాషా చెప్పిన మాటనే వందేళ్ల కిందట ఒక ఫ్రెంచి ఆయన చెప్పి అందరితో గొడవ పడ్డాడు. పాల్ ద వివీ, వెలోసియో అనే పేరుతో రాసేవాడు. సెంట్ ఎతియెన్‌లో ఉండేవాడు, ఆర్డెష్‌కి ఉత్తరాన. 1853 నుంచి 1930 దాకా బతికాడు. కొండల్లో తిరిగే మామూలు మనిషికి గేర్లు ఉండాలని, సైకిల్ ఉన్నది రేసులకే కాదని పత్రిక పెట్టి మరీ వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ పెట్టిన ఆంరి దెగ్రాంజ్‌కి గేరు మార్చే యంత్రం అంటే పడేది కాదు. అది ముసలివాళ్లకని ఆయన నమ్మకం. 1937 దాకా టూర్‌లో డెరైలర్ వాడనివ్వలేదు.

వెలోసియో చెప్పిన సూత్రాల్లో ఒకటి నేను ఎప్పుడూ పాటిస్తాను. ఆకలి వేయకముందే తిను, దాహం వేయకముందే తాగు. సెంట్ ఎతియెన్ పక్కన కోల్ ద లా రిపబ్లిక్ మీద ఆయన స్మారకం ఉంది. ఎత్తు 1,161 మీటర్లు. 1903లో మొదటి టూర్ ఆ కనుమ దాటింది. సైకిళ్లంటే ఇష్టమున్నవాళ్లు ఒకసారి వెళ్లి దండం పెట్టుకోవాల్సిన చోటు.


గోదారోడు

ప్రసాద్ గారు వచ్చారంటే చరిత్ర తప్పదు. చదవడానికి మాత్రం బాగుంటుంది.


కొత్తదారి_కిరణ్

అమ్మో, ఒక్క రాత్రిలో ఇన్ని జవాబులు. బాషా అన్నా, మా ఆవిడ మీ పోస్టు చదివి "ముందు నా సైకిల్‌కి మార్చు" అంది. ఈ వారమే షాపుకి తీసుకెళ్తున్నా. వేణు గారి లెక్క ప్రకారం మళ్లీ గీస్తున్నాను.

జెర్బియే తర్వాత ఎటు? మ్యాపులో అన్నీ గజిబిజిగా ఉన్నాయి.


వేణు_తూలూజ్

జెర్బియే నుంచి ఇస్సార్లెస్ చెరువు వైపు దిగండి. పాత అగ్నిపర్వతం బిలంలో గుండ్రంగా ఉన్న చెరువు, ఈత కొట్టొచ్చు. అక్కడి నుంచి లాంగోన్. పీఠభూమి, కాళ్లకు విశ్రాంతి. రైలు స్టేషన్ కూడా ఉంది: క్లెర్మోన్ ఫెరాన్ నుంచి నీమ్ వెళ్లే సేవెనోల్ లైను. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అక్కడ రైలెక్కి కిందికి పోవచ్చు. కొండల యాత్రలో ఇలాంటి తప్పించుకునే దారి ఒకటి చేతిలో ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

లాంగోన్ తర్వాత లె బ్లేమార్. అక్కడి నుంచి లోజేర్ పర్వతం మీద కోల్ ద ఫినియెల్, 1,541 మీటర్లు. భయపడకండి. బ్లేమార్ ఊరే వెయ్యి మీటర్ల పైన ఉంది కాబట్టి మిగిలేది ఐదొందలే. పైన చెట్లుండవు, గడ్డి, గ్రానైటు బండలు, గాలి. అవతల లె పోం ద మోంవేర్‌కి దిగుడు. తర్వాత డి998 రోడ్డు టార్న్ నది పక్కనే ఫ్లోరాక్ దాకా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు కిందికే. నేను తొక్కిన అన్ని రోడ్లలో ఆ ముక్కంటే నాకు ప్రాణం.


శిరీష_విజాగ్

ఫ్లోరాక్ దాకా వెళ్లి టార్న్ గార్జ్ చూడకుండా రావొద్దు! సెంట్ ఎనిమీ, లా మాలెన్... సున్నపురాతి గోడల మధ్య నది, ఆ నీళ్ల రంగు.


వేణు_తూలూజ్

శిరీష గారూ, చూడొచ్చు, కానీ ఆగస్టులో అయితే నేను వద్దంటాను. డి907బిస్ రోడ్డు ఇరుకు. ఒక పక్క రాయి, ఒక పక్క నది, మధ్యలో క్యాంపింగ్ వ్యాన్లు, పడవలు లాక్కెళ్లే బస్సులు. అదే అందం జోంత్ లోయలో ఉంది, రద్దీ తక్కువ. బండల మీద రాబందులు తిరుగుతూ కనిపిస్తాయి.


శిరీష_విజాగ్

మేం జూలైలో వెళ్లాం. పొద్దున ఆరున్నరకు బయల్దేరి తొమ్మిదిన్నరకల్లా లె రోజియే చేరాం. దారిలో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గంట చూసి వెళ్తే ఆ రోడ్డంత మంచిది లేదు. తొమ్మిది దాటాక మాత్రం మీరన్నది నిజమే. కిరణ్ గారు వెళ్లేది జూన్ కాబట్టి నా ఓటు టార్న్‌కే.


గోదారోడు

నేను గోదారి గట్టు మీద పుట్టినవాణ్ణి, నది ఎక్కడుంటే నా ఓటు అక్కడ. రెండూ నదులే కాబట్టి గొడవ లేదు.


తులసి_తెనాలి

తిండి గురించి ఎవరూ చెప్పలేదు. నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను, లోజేర్‌లో తిరిగి వచ్చాను. వివరంగా రాస్తున్నా.

పల్లెటూరి రెస్టారెంట్లో మెనూ చూసి ఆశ పెట్టుకోవద్దు. ఆ ప్రాంతమంతా సాసేజిలు, హామ్. లె ప్వి ఆకుపచ్చ పప్పు ప్రపంచంలోనే పేరున్న పప్పు, పక్క జిల్లాలోనే పండుతుంది. హోటల్లో అడిగితే పంది మాంసం ముక్కలతో కలిపి వండి తెస్తారు. అదే పప్పు దుకాణంలో పొడి ప్యాకెట్ కొనుక్కుంటే మన చేతి వంట. చిన్న గ్యాసు స్టవ్వు, ఒక గిన్నె, ఇంటి నుంచి తెచ్చిన కారం, ఇంగువ, చింతపండు. ఆ పప్పు నానబెట్టక్కర్లేదు, ఇరవై పాతిక నిమిషాల్లో ఉడుకుతుంది. చల్లటి సాయంత్రం టెంటు ముందు చారు పెట్టుకుని తాగితే పక్క టెంట్లోని డచ్చివాళ్లు కప్పులు పట్టుకుని వచ్చారు.

హోటల్లో కూర్చుంటే "సాన్ వియాండ్, సాన్ జాంబోన్, సాన్ పువాసోన్" (మాంసం, హామ్, చేప లేకుండా) అని మూడూ చెప్పాలి. ఒక్క "వెజెతారియన్" అంటే చేప తెచ్చిన సందర్భాలున్నాయి. సూపు మాంసం నీళ్లతో చేస్తారు, అడిగి తాగండి. ఓబ్రాక్ వైపు ఆలిగో దొరుకుతుంది: బంగాళాదుంప ముద్దలో జున్ను (చీజ్) కలిపి తీగలా సాగదీస్తారు. పక్కన సాసేజి వద్దని చెబితే చాలు, ఆ ఒక్క పళ్లెంతో కనుమ ఎక్కొచ్చు. జున్ను తినేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడి సంప్రదాయ జున్నుల్లో చాలావాటికి దూడ కడుపులోంచి తీసిన పదార్థంతోనే పాలు విరగ్గొడతారు. పట్టింపు ఉన్నవాళ్లు ముందే తెలుసుకోవాలి.

ఆర్డెష్‌లో చెస్ట్‌నట్ క్రీమ్ గొట్టాల్లో అమ్ముతారు. బ్రెడ్డు మీద పిండుకోండి. సైకిల్ మీద దానికి మించిన బలం లేదు.


మెకానిక్_బాషా

ఆ గొట్టం జేబులో పెట్టుకుని తొక్కుతూనే తినొచ్చు. నా ఓటు కూడా దానికే.


లియోన్_లక్ష్మి

తులసి గారు రాసిందానికి వేళలు కలుపుతున్నా. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకానే వంటిల్లు తెరిచి ఉంటుంది. రెండుంబావుకి వెళ్తే కాఫీ తప్ప ఏమీ ఇవ్వరు. చిన్న ఊళ్లో దుకాణాలు మధ్యాహ్నం మూస్తారు, ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం అంతా చాలాచోట్ల మూతే. ఒకపూట తిండి ఎప్పుడూ బ్యాగులో ఉండాలి.

నీళ్లకు ఒక ఉపాయం. ప్రతి ఊరి శ్మశానంలో కుళాయి ఉంటుంది, పూలకు పోయడానికి. ఎండలో పైకి ఎక్కేటప్పుడు అదే దిక్కు. "ఓ నోన్ పోటాబ్ల్" అని బోర్డు ఉంటే మాత్రం తాగకూడదు.


తులసి_తెనాలి

శ్మశానం నీళ్లా! మా అత్తగారికి తెలిస్తే ఇంట్లోకి రానివ్వరు.


పాతసైకిల్_ప్రసాద్

ఆ ఊరి శ్మశానాలు మన పూలతోటల్లా శుభ్రంగా ఉంటాయి తులసి గారూ. నీడ, బెంచీ కూడా ఉంటాయి.


రహీం_కడప

ఇదంతా సరే, వాంతు పర్వతం ఎక్కకుండా ఎలా? నీమ్ దాకా వెళ్లి పక్కనే ఉన్నదాన్ని వదిలేస్తారా? 1,910 మీటర్లు! బెద్వాన్ వైపు నుంచి 21 కి.మీ., ఎత్తు తేడా 1,600.


వేణు_తూలూజ్

పక్కనే కాదు రహీం, రోన్ అవతల. దానికి వేరే యాత్ర పెట్టుకోవాలి. వెళ్తే సామాను కింద ఊళ్లో దించేసి ఖాళీ సైకిల్‌తో ఎక్కాలి. సామానుతోనే ఎక్కుతానంటే సో వైపు నుంచి, దూరం ఎక్కువ కానీ వాలు తక్కువ. మిస్ట్రాల్ గాలి వీచే రోజు పైకి పోవద్దు. శిఖరం బోడి రాయి, పట్టుకోవడానికి చెట్టు ఉండదు, బ్యాగులున్న సైకిల్‌ని గాలి పక్కకు నెట్టేస్తుంది. 1967 టూర్‌లో బ్రిటిష్ రేసర్ టామ్ సింప్సన్ చనిపోయింది ఆ పై కిలోమీటర్లలోనే, ఎండలో.


రహీం_కడప

మరి ఎగ్వాల్ పర్వతం?


వేణు_తూలూజ్

ఎగ్వాల్ మాత్రం దారిలోదే. 1,567 మీటర్లు, పైన పాత వాతావరణ పరిశోధనా కేంద్రం ఉంది. మేరుయిస్ వైపు నుంచి ఎక్కుడు నెమ్మదిగా ఉంటుంది. కానీ ఫినియెల్ కూడా చేసి ఎగ్వాల్ కూడా అంటే మీటర్లు మళ్లీ పెరుగుతాయి. నేనైతే ఫ్లోరాక్ నుంచి కోర్నిష్ దే సేవెన్ అనే కొండ రోడ్డు మీదుగా పోతాను. మొదట వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కి, తర్వాత గంటల తరబడి కొండ వీపు మీద, రెండు పక్కలా లోయలు చూస్తూ. చివర సెంట్ జాన్ దు గార్‌కి దిగుడు. నీడ, నీళ్లు తక్కువ కాబట్టి సీసాలు నింపుకుని పొద్దున్నే వెళ్లాలి. ఎన్106 హైవే మీద మాత్రం పోకండి, లారీలు.


లియోన్_లక్ష్మి

యాప్ అడవి బాటల్లో పంపిస్తోందన్నారు కదా కిరణ్ గారు. మిష్లాన్ కాగితం మ్యాపు కొనండి. రోడ్డు మీద చిన్న బాణం గుర్తులుంటాయి. ఒక బాణం అంటే 5 నుంచి 9 శాతం, రెండు అంటే 9 నుంచి 13, మూడు అంటే అంతకు పైన. బాణం మొన ఎక్కే వైపు ఉంటుంది. ఆకుపచ్చ గీత పక్కన ఉన్న రోడ్డు అందమైనది. తెల్లగా, పసుపుగా ఉన్న డి (జిల్లా) రోడ్లు ఎంచుకోండి, ఎర్రవి వదిలేయండి. మూడు బాణాలున్న దారిని సామానుతో దిగడానికి వాడుకోండి, ఎక్కడానికి కాదు.

కనుమల దారిలో చాలాచోట్ల కిలోమీటరుకొక రాయి ఉంటుంది. ఇంకా ఎంత దూరం, వచ్చే కిలోమీటరు ఎంత శాతం అని రాసి ఉంటుంది. అది చూసుకుని ఊపిరి సర్దుకోవచ్చు.


మెకానిక్_బాషా

ఎక్కడం గురించే అందరూ మాట్లాడుతున్నారు. దిగడంలో దెబ్బలు తగులుతాయి. వంద కిలోల బండి పది కిలోమీటర్లు దిగేటప్పుడు బ్రేకు అలా నొక్కి పట్టుకుని కూర్చోకూడదు. రిమ్ బ్రేకు అయితే రిమ్ కాలి ట్యూబు పేలుతుంది, డిస్కు అయితే పట్టు సడలుతుంది. మలుపుకు ముందు గట్టిగా నొక్కు, వదిలెయ్, చల్లారనివ్వు. ముందు, వెనక మార్చి మార్చి. కొత్త ప్యాడ్లు వేసుకుని బయల్దేరు, ఒక జత బ్యాగులో పెట్టుకో. పల్లెల్లో నీ మోడల్ దొరకదు. సొరంగాల కోసం లైట్లు, రిఫ్లెక్టర్ జాకెట్. చీకట్లో ఊరి బయట ఆ జాకెట్ చట్టం ప్రకారం తప్పనిసరి కూడా.


బ్రెవే_రమణ

దానికి తోడు ఊళ్లలో కుడి వైపు సందులోంచి వచ్చే బండికి ముందు దారి ఇవ్వాలి, బోర్డు లేకపోతే. పెద్ద రోడ్డు మీద ఉన్నాం కదా అనుకుంటే ప్రమాదం. మన దగ్గర లేని అలవాటు ఇది.

వేణు, నీ మీటర్ల లెక్క నేను కూర్చుని చూశాను. సామానుకు నువ్వన్నదే సరైనది. కానీ జూన్‌లో పగలు చాలా పొడుగు, సాయంత్రం తొమ్మిది దాటాక కూడా వెలుతురే. మధ్యలో నాలుగు గంటలు ఆగి మళ్లీ తొక్కితే 1,300 దాకా పర్వాలేదంటాను.


వేణు_తూలూజ్

అలా అయితే ఒప్పుకుంటాను. మధ్యాహ్నం ఎండ తప్పించుకోవడానికి కూడా అదే మంచి పద్ధతి.


సుజాత_గ్రెనోబుల్

ఈ-బైక్ మాట ఎవరూ ఎత్తలేదేం? మా ఇంట్లో ఆయన మామూలు సైకిల్, నాది బ్యాటరీ మోటారు ఉన్న సైకిల్. ఇద్దరం ఒకే వేగంతో, పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ ఎక్కుతాం. కిరణ్ గారి ఆవిడకు ఇష్టమైతే అద్దెకు తీసుకోవచ్చు. క్యాంపింగుల్లో చార్జింగ్ ఇస్తారు. "అక్కేయ్ వెలో" (సైకిల్ వాళ్లకు స్వాగతం) బోర్డు ఉన్న చోట దిగితే సైకిల్ పెట్టుకునే గది, పనిముట్లు ఉంటాయి.


కొత్తదారి_కిరణ్

సుజాత గారూ, అడిగాను. "ముందు నువ్వు తీసుకో" అంది. మోటారు వద్దట, గేర్లు చాలట.

మళ్లీ గీసిన ప్లాన్: వలాన్స్ - లె షేలార్ - జెర్బియే - లాంగోన్ - లె బ్లేమార్ - ఫినియెల్ మీదుగా పోం ద మోంవేర్ - ఫ్లోరాక్ - ఒక రోజు ఖాళీ (టార్న్ లోయ, పొద్దున్నే, సామాను లేకుండా) - కోర్నిష్ - సెంట్ జాన్ దు గార్ - అలెస్. అలెస్ నుంచి నీమ్‌కి రైలు. జూన్ 10 తర్వాత బయల్దేరదామని. రైల్లో సైకిళ్లు ఎలా?


సుజాత_గ్రెనోబుల్

ప్రాంతీయ రైళ్లలో సైకిల్ అలాగే ఎక్కించొచ్చు, స్థలం మాత్రం తక్కువ. కొన్ని ప్రాంతాల్లో వేసవిలో సైకిల్‌కి రిజర్వేషన్ అడుగుతున్నారు, ముందే చూసుకోండి. టీజీవీ (హైస్పీడు రైలు) అయితే చక్రాలు విప్పి 130 × 90 సెంటీమీటర్ల సంచిలో పెట్టాలి, లేదా కొక్కెం ఉన్న రైలు చూసి బుక్ చేసుకోవాలి. ఇంకొకటి: వలాన్స్‌లో రెండు స్టేషన్లు. టీజీవీ స్టేషన్ ఊరికి పది కిలోమీటర్ల దూరంలో ఉంది. "వలాన్స్ విల్" అని ఉన్న టికెట్ తీసుకుంటే దిగి నేరుగా నది దగ్గరికి పోవచ్చు.


లియోన్_లక్ష్మి

కిరణ్ గారూ, తేదీ చూసి గబగబా రాస్తున్నా. జూన్ మధ్యలో ఆర్డెష్‌లో లార్దెషోయిజ్ జరుగుతుంది. 1992 నుంచి సెంట్ ఫెలిసియన్ ఊరు కేంద్రంగా నడుస్తున్న పెద్ద సైకిల్ పండుగ. వేల మంది వస్తారు, ఊళ్లన్నీ పసుపు, ఊదా రంగుల్లో అలంకరిస్తారు. చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ రోజుల్లో లె షేలార్ చుట్టుపక్కల గది దొరకడం కష్టం, కొన్ని రోడ్లు వాళ్లకే వదిలేస్తారు. ఆ ఏడాది తేదీలు చూసుకుని, ఒక వారం ముందైనా వెళ్లండి, లేదా ఇప్పుడే గదులు పట్టుకోండి.


పాతసైకిల్_ప్రసాద్

సెప్టెంబరుకు మార్చుకుంటే?


వేణు_తూలూజ్

సెప్టెంబరు మొదట్లో సరే. నెలాఖరు నుంచి నవంబరు దాకా సేవెన్‌లో జాగ్రత్త. సముద్రం మీది నుంచి వచ్చే వెచ్చటి తేమ గాలి ఆ కొండలకు కొట్టుకుని ఒకేచోట కురుస్తుంది. కొన్ని గంటల్లోనే వందల మిల్లీమీటర్లు. వాగులు రోడ్ల మీదికి వస్తాయి. ఆ కాలంలో రోజూ వాతావరణ హెచ్చరిక చూడకుండా లోయలో టెంటు వేయకూడదు.


గోదారోడు

కుక్కల సంగతి? మన ఊళ్లలో సైకిల్ చూస్తే వెంటపడతాయి.


శిరీష_విజాగ్

ఊరి కుక్కలు పట్టించుకోవు. గొర్రెల మంద దగ్గర కాపలా ఉండే పెద్ద తెల్ల కుక్కలతోనే జాగ్రత్త, పతూ అంటారు. దిగి, సైకిల్‌ని మధ్యలో పెట్టుకుని, నెమ్మదిగా మంద చుట్టూ తిరిగి వెళ్లాలి. అరవకూడదు, పరిగెత్తకూడదు.


కొత్తదారి_కిరణ్

లక్ష్మి గారూ, చాలా థాంక్స్. మే చివరి వారానికి జరిపాం. వలాన్స్ విల్‌కి శుక్రవారం రైలు. మంగళవారానికి లె బ్లేమార్, బుధవారం ఫినియెల్.


లియోన్_లక్ష్మి

అలా అయితే లాంగోన్‌లో దిగేది సోమవారం. దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. పప్పు, బ్రెడ్డు శనివారమే లె షేలార్‌లో తీసుకోండి. మే చివర్లో ఫినియెల్ మీద చలి ఉంటుంది, దిగుడుకు గ్లోవ్స్, గాలి ఆగే జాకెట్ పైబ్యాగులో పెట్టుకోండి.


తులసి_తెనాలి

ఇంగువ డబ్బా మూత గట్టిగా బిగించి, రెండు కవర్లలో చుట్టండి. లేకపోతే బట్టలన్నీ అదే వాసన.